ఆరో వారం, సెర్ట్రలిన్ 50 వాడుతున్నాను. ఆపేయాలా?

పొద్దుతిరుగుడు:
నిన్న టెస్టులో రెండు గీతలు వచ్చాయి. లెక్క ప్రకారం ఆరో వారం. రెండేళ్లుగా డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ 50 వేసుకుంటున్నాను. సంతోషపడాల్సింది పోయి, బిడ్డ గుండెలో రంధ్రం వస్తుందేమోనని రాత్రి రెండింటిదాకా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. పొద్దున మాత్ర చేతిలోకి తీసుకుని, వేసుకోకుండా గ్లాసు పక్కన పెట్టేశాను. ఇంకా అక్కడే ఉంది. "కడుపుతో ఉన్నప్పుడు ఏ మందూ వద్దు" అంటున్నారు అత్తగారు. ఆవిడ అది నిద్రమాత్ర అనుకుంటున్నారు. అపాయింట్‌మెంట్ శుక్రవారం. అప్పటిదాకా ఆపితే ఏమైనా అవుతుందా? ఇది వేసుకుంటూ బిడ్డను కన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇద్దరు పిల్లల తల్లి:
ఉన్నాను చెల్లీ. మొదటిసారి నేనూ ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. మూడో రోజుకి తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టుండేది. నెల తిరిగేసరికి మంచం దిగలేదు, ముద్ద దిగలేదు. ఐదో నెల స్కానింగ్‌కి కూడా వెళ్లలేదు. బాబు నెలలు నిండకుండానే పుట్టాడు. ఇందువల్లేనని నేననను, కానీ ఆ రోజులు మళ్లీ వద్దు.

రెండోసారి డాక్టర్‌తో మాట్లాడి మందు కొనసాగించాను. పాప పుట్టాక రెండు రోజులు చేతులు సన్నగా వణికేవి, పాలు సరిగ్గా పట్టేది కాదు. ఆఖరి నెలల్లో ఈ మందు వాడితే దాదాపు మూడోవంతు పిల్లల్లో ఇలా ఉండొచ్చని, కొద్దిరోజుల్లో తగ్గుతుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. నాలుగో రోజుకి తగ్గింది. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది.

సైకియాట్రీ నర్స్:
ఏ మందూ వాడకపోయినా 100 మంది పిల్లల్లో సుమారు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటుందండీ. ముందు ఆ లెక్క దగ్గర మొదలుపెట్టండి. 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండె లోపాలు రావొచ్చని హెచ్చరించింది పరాక్సెటిన్ గురించి, అది సెర్ట్రలిన్ రకానికే చెందిన ఇంకో మందు. ఆ భయమే అన్నిటికీ అంటుకుంది. తర్వాత 2014లో సుమారు 9.5 లక్షల గర్భాలను పరిశీలించారు. డిప్రెషన్ వల్లే వచ్చే తేడాలను లెక్కలోకి తీసుకున్నాక, ఈ రకం మందులతో గుండె లోపాలు చెప్పుకోదగ్గంతగా పెరిగినట్టు కనిపించలేదు. నిజంగా జాగ్రత్తపడాల్సింది వాల్‌ప్రోయేట్‌తో (మూర్ఛకి, బైపోలార్‌కి ఇచ్చే మందు), దానితో 100లో పదిమంది దాకా పిల్లలకు లోపాలు రావొచ్చు. మీ చీటీలో అది లేదు కదా?

ఇన్నాళ్లూ మందు ఒంట్లో ఉంది. నాలుగు రోజులు ఆపితే బిడ్డకు ఒరిగేది పెద్దగా లేదు, దెబ్బ తగిలేది మీకు. శుక్రవారం దాకా ఆగకండి, ఇవాళే ఫోన్ చేయండి.

పొద్దుతిరుగుడు:
చేశాను. వాల్‌ప్రోయేట్ లేదు. మాత్ర మానొద్దు, ఇప్పుడే వేసుకోమన్నారు. గ్లాసు పక్కనున్నదే వేసుకున్నాను. అత్తగారికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.