యాసంగి పైసలతో సాగర్ పోతే లోకాశ అవుతుందా?

దేవరకొండ సిస్టర్:
అందరికీ వందనాలు. ఐకేపీ సెంటర్‌లో అమ్మిన వడ్ల పైసలు పడ్డాయి. కృతజ్ఞత కానుక ఇచ్చి, అప్పు కట్టి, మిగిలినదాంట్లో అత్తమ్మను, పిల్లలను నాగార్జునసాగర్ తీసుకుపోయాం. లాంచీలో నాగార్జునకొండ చూసొచ్చాం. ఆదివారం మా సంఘ పెద్ద ఒకరు 1 యోహాను 2:15 చదివి, లోకాన్ని ప్రేమించొద్దని ఉంటే విశ్వాసులకు ఈ షికార్లెందుకని అందరి ముందూ అడిగారు. మీరేమంటారు?

పాలమూరు విశ్వాసి:
పెద్దాయన మాటను కొట్టిపారేయలేం అక్కా. మా దిక్కు బొంబాయికి, పుణెకు వలసపోయి బతికిన కుటుంబాలు ఎన్నో. ప్రభువు ప్రతిదినం సిలువ ఎత్తుకొమ్మన్నాడు (లూకా 9:23). ఇప్పుడేమో దీవెన అంటే కారు, బంగళా అన్నట్టు బోధిస్తున్నారు. నా భయమంతా అదే.

మర్రిగూడ బ్రదర్:
అన్నా, ఆ కింది వచనం కూడా చదవాలి. లోకమంటే శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం అని యోహానే వివరించాడు. కృష్ణ నీళ్లు చూసి అత్తమ్మ మురిసిపోవడం వాటిలోకి రాదు. కష్టార్జితంతో తిని తాగి సుఖపడటం దేవుడిచ్చే బహుమానమని ప్రసంగి 3:13లో ఉంది. బతుకులోని వ్యర్థమంతా చూసినవాడు రాసిన మాట అది. ధనాన్ని నమ్ముకోవద్దని ధనవంతులను గట్టిగా హెచ్చరించిన పౌలు కూడా, మనం అనుభవించడానికే దేవుడు సమస్తం ధారాళంగా ఇస్తున్నాడన్నాడు (1 తిమోతి 6:17).

ఫ్లోరైడ్ నీళ్లకు మా అమ్మ నడుము వంగిపోయింది. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. క్రిస్మస్ ఆరాధనలో పిల్లలు పాడుతుంటే కుర్చీతో సహా ఆమెను వాళ్ల వైపు తిప్పుతాం. కొత్త చీర కొంగు సర్దుకొని చప్పట్లు కొడుతుంది. నొప్పి పోయాక సంతోషపడుదువులే అంటే ఆమెకు ఆ రోజు రాదు. ఆ సంతోషాన్ని లోకాశ అనడానికి నాకు నోరు రాదు.

పాలమూరు విశ్వాసి:
అమ్మగారి కోసం ప్రార్థిస్తాను తమ్ముడూ. కానీ నెహెమ్యా 8:10 చూడు. మంచి భోజనం చేయండి అన్న నోటితోనే, ఏమీ వండుకోలేనివాళ్లకు వంతులు పంపమన్నారు. ఆ వంతు పోకపోతే సంతోషం సగమే అంటాను.

దేవరకొండ సిస్టర్:
ఇది ఒప్పుకుంటాను అన్నా. మా వాడలో ఒంటరిగా ఉండే పెద్దమ్మను ఈసారి బండిలో మాతోపాటు తీసుకుపోతాం. కానీ సాగర్ పోవడం మాత్రం మానం. పిల్లలు "మనం పాపం చేశామా అమ్మా" అని అడుగుతున్నారు. దాని గురించి పాస్టర్ అయ్యగారితో మాట్లాడతాను.