హోస్ట్స్ ఫైల్ పెట్టినా యాడ్ ట్రాకర్లు ఆగట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఒకటే విండోస్ కంప్యూటర్, నేనూ మా నాన్నగారూ వాడతాం. ఆయన మోకాళ్ళ నొప్పి గురించి ఒక సైట్‌లో చదివారు, అప్పట్నుంచి ఏ వార్తల సైట్ తెరిచినా ఆ మందుల యాడ్లే, "నా నొప్పి సంగతి వీళ్ళందరికీ ఎలా తెలిసిందిరా" అని ఆయనకి ఒకటే దిగులు. నేను ట్రాకర్ల (మనం ఏం చూస్తున్నామో గమనించే సర్వర్ల) పేర్లున్న ఒక పెద్ద లిస్ట్ తెచ్చి, విండోస్‌లో ఏ పేరు ఏ అడ్రస్‌కి వెళ్ళాలో రాసుకునే హోస్ట్స్ ఫైల్‌లో పెట్టా. యాడ్లు కాస్త తగ్గాయి గానీ పోలేదు, పైగా బిల్లు కట్టే పేజీ ఓపెన్ అవడం మానేసింది. ఇన్‌కాగ్నిటో (బ్రౌజర్‌లో ప్రైవేట్ విండో) వాడితే చాలు అంటున్నారు, నిజమేనా?

జవాబు:
నాన్నగారు నొప్పి గురించి చదివిన సైట్, వార్తల సైట్ రెండింట్లోనూ ఒకే యాడ్ కంపెనీ కోడ్ ఉంటుందండీ, మొదటిదాంట్లో అది బ్రౌజర్‌లో ఒక కుకీ (గుర్తు కోసం దాచే చిన్న సమాచారం) పెట్టి రెండోదాంట్లో అదే కుకీ చూసి గుర్తుపడుతుంది, థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే. ఇన్‌కాగ్నిటో మూసేశాక హిస్టరీ, కుకీలు పోతాయి అంతే, తెరిచి ఉన్నంతసేపూ ట్రాకర్ల కోడ్ నడుస్తూనే ఉంటుంది.

హోస్ట్స్ ఫైల్ ట్రాకర్ సర్వర్ పేరుని 0.0.0.0కి, అంటే ఎక్కడికీ చేరని అడ్రస్‌కి తిప్పేస్తుంది. కానీ ప్రతి పేరూ విడిగా రాయాలి, వాళ్ళు ముందు ఇంకో ముక్క తగిలించి కొత్త పేరు పెడితే మీ లిస్ట్‌కి తెలీదు. ఇంకో చిక్కేంటంటే ఒక్క సైట్‌కి మాత్రం వదిలేయ్ అని చెప్పే వీలే లేదు, మీ బిల్లు పేజీ అక్కడే ఆగిపోయుంటుంది. ఆ లిస్ట్ తీసేయండి. అందుకు హోస్ట్స్ ఫైల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన నోట్‌ప్యాడ్‌లోనే మార్చాలి, సేవ్ చేసేటప్పుడు చివర డాట్ టీఎక్స్‌టీ చేరకుండా చూసుకోండి, తర్వాత ఓసారి రీస్టార్ట్ చేయండి.

ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (యాడ్లు, ట్రాకర్లని ఆపడానికి బ్రౌజర్‌కి తగిలించేది) పెట్టండి, పేరు సరిగ్గా ఇదే ఉండాలి, దగ్గరి పేర్లతో వేరేవి కూడా ఉన్నాయి. ఏ సైట్ అయినా పాడైతే దాని ఐకాన్ నొక్కి పెద్ద పవర్ బటన్ ఆపితే ఆ ఒక్క సైట్‌కే ఆగుతుంది, నాన్నగారికి కూడా ఇది నేర్పండి. 2022 నుంచి ఫైర్‌ఫాక్స్ ఏ సైట్ కుకీలని ఆ సైట్ డబ్బాలోనే విడిగా ఉంచుతోంది, కాబట్టి సగం పని అదే చేస్తుంది. దయచేసి రెండు మూడు బ్లాకర్లు కలిపి పెట్టకండి, ఏది ఏ పేజీని చెడగొట్టిందో కనుక్కోవడం నరకం.

అడిగినవారు:
నాన్నగారికి క్రోమ్ అలవాటండీ, అందులో కుదరదా?

జవాబు:
క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చింది, మానిఫెస్ట్ వీ3 అంటారు, దాంతో పాత యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ పనిచేయట్లేదు. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది, మామూలు వాడకానికి పర్లేదు, కానీ బలం తక్కువ. బుక్‌మార్క్‌లు ఫైర్‌ఫాక్స్‌లోకి ఇంపోర్ట్ చేసి ఐకాన్ పాతదాని చోటే పెట్టి చూడండి, మా అమ్మకి అలాగే అలవాటు చేశా.

ఇంకో సభ్యురాలు:
బ్రౌజర్ బయట యాప్‌లు పంపేవి కూడా ఆపాలంటే డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ చెప్పే సర్వర్) మార్చుకోవచ్చు, యాడ్లని ఆపే యాడ్‌గార్డ్‌ది 94.140.14.14, రెండోది 94.140.15.15. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మాన్యువల్ పెట్టి ఇవి ఇవ్వాలి, ఐపీవీ6 (కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి) ఆన్‌లో ఉంటే దానికీ వాళ్ళ అడ్రస్ ఇవ్వాలి, లేకపోతే కొన్ని రిక్వెస్టులు పాత దారినే పోతాయి. ఇదీ పేర్లు చూసి ఆపేదే కాబట్టి వీడియో వచ్చే సర్వర్ నుంచే వచ్చే యాడ్‌ని ఆపలేదు.

అడిగినవారు:
లిస్ట్ తీసేసి ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ పెట్టానండీ, బిల్లు పేజీ వచ్చేసింది. వార్తల సైట్‌లో ఆ మందులు కనబడట్లేదు, నాన్నగారు స్థిమితపడ్డారు. కానీ మెయిల్‌లో లాగిన్ అయి ఉండగా వెతికినవి?

జవాబు:
అది ఏ బ్లాకరూ ఆపలేదండీ, లాగినైతే వెతికింది ఎవరో ఆ కంపెనీకి నేరుగా తెలుసు. ఆ అకౌంట్ సెట్టింగ్స్‌లో పర్సనలైజ్డ్ యాడ్లు, సెర్చ్ హిస్టరీ రెండూ ఆపేయండి, ఆరోగ్యం సంగతులు లాగౌట్ అయ్యాకే వెతకమనండి.