తొమ్మిది వారాల పరుగు పూర్తయింది: వెంటనే మరో లక్ష్యం పెట్టుకోవాలా, వద్దా?

తొలిఅడుగు
అందరికీ నమస్కారం. కొత్తగా పరుగు మొదలుపెట్టేవారి కోసం ఉన్న ‘కౌచ్ టు ఫైవ్ కే’ పూర్తిచేసి ఈ రోజుకు ఇరవై మూడు రోజులు. ఈ ఇరవై మూడు రోజుల్లో నేను పరుగెత్తింది నాలుగుసార్లు. అందులో ఒకటి కదిలిపోతున్న బస్సు వెనకాల.

ఆ కార్యక్రమం తెలియనివారికి రెండు మాటలు. 1996లో జోష్ క్లార్క్ తయారుచేశారు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి వారం 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, మళ్ళీ పరుగు. చివరికి వచ్చేసరికి ఆగకుండా 30 నిమిషాలు, లేదా 5 కిలోమీటర్లు. మొదటిరోజు ఆ 60 సెకన్లకే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడిపోయాను. అయిదో వారం మూడో రోజున నడక లేకుండా ఏకబిగిన 20 నిమిషాలు అని చూసి ఫోను బోర్లా పెట్టేశాను. అయినా వెళ్ళాను, పరుగెత్తాను. 27 రోజుల్లో ఒక్కటీ తప్పలేదు.

ఫోను యాప్‌లో ఇరవై ఏడో గడిలో టిక్కు పడింది. ఇన్నాళ్ళూ ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో చెవిలో చెప్పిన యాప్ గొంతు అభినందనలు చెప్పి ఊరుకుంది. అంతే. బూట్లు తలుపు పక్కనే ఉన్నాయి, లేసులకు వేసిన జంట ముళ్ళు విప్పకుండానే.

‘వెంటనే 10 కిలోమీటర్ల పోటీకి పేరివ్వు, లేకపోతే మూలపడతావు’ అని మా అక్క. ‘ఇక లక్ష్యాలు చాలు, హాయిగా నీ కోసం నువ్వు పరుగెత్తు’ అని నా స్నేహితుడు. అక్క మాట వింటే భయమేస్తోంది, స్నేహితుడి మాట వింటే నిద్రొస్తోంది. మీరేమంటారు?

గడియారం
నా ఓటు మీ అక్కగారికే. ఆరేళ్ళ క్రితం నేనూ ఇదే తొమ్మిది వారాలు ముగించి, రెండు నెలలు ‘రేపటి నుంచి’ అంటూ గడిపేశాను. పన్నెండు వారాల తర్వాత జరిగే 10 కిలోమీటర్ల పరుగుకు పేరిచ్చిన మర్నాడే లేచి వెళ్ళాను. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీసిన సున్నా నన్ను లేపినట్టు ఏ అలారమూ లేపలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. క్లార్క్ హల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1930ల్లోనే ఎలుకల మీద గమనించారు: తిండి ఉన్న చోటు దగ్గరయ్యే కొద్దీ అవి వేగం పెంచాయి. ముందు ఏదో ఒకటి కనపడాలి. కనపడకపోతే ఎవరి కాళ్ళూ కదలవు.

పాతబూట్లు
తిండి తినేశాక ఆ ఎలుక ఏం చేసిందో కూడా చెప్పండి, గడియారం గారూ. తొలిఅడుగు గారు ఇప్పుడున్న స్థితి అదే కదా! లక్ష్యం చేరారు, కూర్చున్నారు. మందు వేసుకుంటే వచ్చిన జబ్బుకు అదే మందు రెట్టింపు మోతాదులో రాసిస్తున్నారు మీరు. రేపు 10 కిలోమీటర్లు అయ్యాక 21 అంటారు, ఆ తర్వాత 42. ఆ పైన?

1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి ‘బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తాం’ అని ముందే చెప్పి, ఇచ్చారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ఏ ఆశా లేనప్పుడు ఆ పిల్లలు బొమ్మల జోలికి వెళ్ళడం తగ్గింది. ఫోనులో పడే టిక్కులూ మెడలో పడే పతకాలూ చేసే పని ఇదే. నేను పద్నాలుగేళ్ళుగా గడియారం లేకుండా పరుగెత్తుతున్నాను (మిమ్మల్ని అనడం లేదు, చేతి గడియారం సంగతి). ఏ తేదీ చుట్టూ సున్నా గీయలేదు.

లెక్కలమాస్టారు
పాతబూట్లు గారు ప్రయోగం సరిగ్గానే చెప్పారు కానీ సగమే చెప్పారు. ముందు మాట ఇవ్వకుండా, బొమ్మ వేశాక అనుకోకుండా పత్రం ఇచ్చిన పిల్లల్లో ఆసక్తి అలా తగ్గలేదు. పైగా వాళ్ళందరికీ బొమ్మలంటే ముందే ఇష్టం. కొత్త రన్నర్‌కు పరుగంటే ఇంకా ఇష్టం పుట్టనే లేదు. లేని ఇష్టాన్ని పతకం ఎలా పోగొడుతుంది?

నాకు దీనికంటే దగ్గరగా కనిపించేది 2009లో ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో చేసిన అధ్యయనం. 96 మంది తలా ఒక కొత్త అలవాటు ఎంచుకుని రోజూ చేశారు. ఆలోచించకుండా చేసేసే స్థితి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టేటట్టు లెక్క తేలింది. తొమ్మిది వారాలంటే 63 రోజులు. అందులో పరుగెత్తింది 27 రోజులే. అంటే అలవాటు గట్టిపడకముందే కార్యక్రమం చేయి వదిలేసింది. ఇందులో తొలిఅడుగు గారి తప్పేమీ లేదు. అదే అధ్యయనంలో మరో మంచి మాట ఉంది: ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెదిరిపోలేదు.

పిక్కనొప్పి
10 కిలోమీటర్లకు పేరిచ్చే ముందు నా కథ వినండి. తొమ్మిదో వారం ముగిసిన సాయంత్రమే పేరిచ్చేశాను. ఆ వారమే 5 నుంచి 8 కిలోమీటర్లకు దూకాను. ఆయాసం లేదు, అలుపు లేదు, నన్ను మించినవారు లేరనుకున్నాను. మూడో వారానికి మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలైంది. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, రెండు చేతులతో కటకటా పట్టుకుని, పీతలా దిగేవాణ్ణి. ఏడు వారాలు పరుగు బంద్. పోటీ రోజున రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను.

తర్వాత తెలిసిందేమిటంటే, గుండె, ఊపిరితిత్తులు తొందరగా తయారవుతాయి. ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) నెమ్మదిగా గట్టిపడతాయి. ‘నేను రెడీ’ అని ఊపిరి చెబుతుంది, నమ్మి వెళితే కాలు తంతుంది.

గడియారం
అది లక్ష్యం తప్పు కాదు, దూకుడు తప్పు. వారానికి 10 శాతం మించి పెంచకూడదన్న నియమం పాటించి ఉంటే సరిపోయేది.

లెక్కలమాస్టారు
ఆ నియమాన్నీ పరీక్షించారు. 2008లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనంలో 532 మంది కొత్త రన్నర్లు పాల్గొన్నారు. ఒక జట్టు 10 శాతం నియమంతో 13 వారాలు, మరో జట్టు మామూలు పద్ధతిలో 8 వారాలు సాధన చేసింది. గాయపడినవారు రెండు జట్లలోనూ దాదాపు అయిదుగురిలో ఒకరు. నెమ్మదిగా పెంచడం మంచిదే, కానీ 10 అంకె రక్షరేకు కాదు.

పిక్కనొప్పి
అంటే నియమం పాటించినా నేను పీతలా దిగే అవకాశం ఉండేదన్నమాట. ఇది ఓదార్పో కాదో రేపు ఆలోచించి చెబుతాను.

రాత్రిడ్యూటీ
ఎవరి పక్షమూ తీసుకోకుండా ఒక మాట. లక్ష్యం ఉండాలా వద్దా అని మీరందరూ వాదిస్తున్నారు. నాకు కనపడుతున్న లోటు వేరు. ఆ తొమ్మిది వారాలూ తొలిఅడుగు గారు ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదు. ఏ రోజు, ఎంతసేపు, ఎప్పుడు నడవాలి, ఎప్పుడు ఆగాలి, అన్నీ చెవిలో గొంతే చెప్పింది. ఆమెకు మిగిలింది కాళ్ళు కదపడమే. గొంతు ఆగిపోగానే ఆ నిర్ణయాలన్నీ ఒక్కసారి ఆమె నెత్తిన పడ్డాయి.

నేను రాత్రంతా పనిచేసి ఉదయం ఏడింటికి ఇంటికి చేరతాను. ఆ సమయంలో ‘ఈ రోజు ఎంత పరుగెత్తుదాం?’ అని నన్ను నేను అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే: సున్నా. అందుకే ఆ ప్రశ్న తీసేశాను. అల్మారా తలుపు లోపల చీటీ అంటించాను. మంగళవారం 20 నిమిషాలు. గురువారం 25. ఆదివారం 30. ఏడాదిన్నరగా అదే చీటీ. పెంచలేదు. ఒక వెసులుబాటు మాత్రం పెట్టుకున్నాను: బయటికి వెళ్ళి పది నిమిషాలయ్యాక కూడా మనసు ఒప్పుకోకపోతే, ఏ అపరాధభావం లేకుండా వెనక్కి తిరగవచ్చు. నిరుడంతా అలా తిరిగింది అయిదుసార్లే.

గడియారం
ఏడాదిన్నరగా అదే 30 నిమిషాలా? విసుగు రాలేదా? నాకైతే మూడో నెలకే గోడలు ఎక్కాలనిపిస్తుంది.

రాత్రిడ్యూటీ
నా వృత్తిలో విసుగు దొరకడమే అదృష్టం. అయినా అది తక్కువ పని అనుకోకండి. పెద్దలకు వారానికి కనీసం 75 నిమిషాల తీవ్రమైన శ్రమ, లేదా 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాగింగ్ తీవ్రమైన శ్రమ కిందికే వస్తుంది. నా చీటీలోవి కూడండి, సరిగ్గా 75. తొలిఅడుగు గారు చివరి వారం చేసినవి మూడు ముప్పైలు, అంటే 90. జీవితాంతం అక్కడే ఆగిపోయినా ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

తొలిఅడుగు
అందరికీ కృతజ్ఞతలు. మీరు ఇంత ఓపిగ్గా చెబుతుంటే ఒక విషయం దాచడం బాగోదు. చివరి రోజు 30 నిమిషాల్లో నేను పరుగెత్తింది 3.9 కిలోమీటర్లే. పేరులో 5 ఉంది, నా కాళ్ళలో లేదు. ఆ తర్వాత వెళ్ళిన మూడుసార్లూ (బస్సును వదిలేయండి) అరగంటలో 5 పూర్తి చేయాలనే వెళ్ళాను. మూడుసార్లూ పదిహేనో నిమిషానికే ఆయాసంతో నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఎవరైనా ‘పూర్తి చేశావా?’ అని అడిగితే అవునంటున్నాను. అన్న ప్రతిసారీ అబద్ధం ఆడినట్టే ఉంటోంది.

పాతబూట్లు
ఇదన్నమాట అసలు సంగతి! మీకు లక్ష్యం లేకపోవడం కాదు, గుట్టుగా ఒకటి పెట్టుకుని ప్రతిసారీ దాని చేతిలో దెబ్బలు తింటున్నారు. వెళ్ళిన ప్రతిరోజూ ఓడిపోయే చోటికి నాలుగోసారి ఎవరు వెళతారు? వేగం తగ్గించండి. పరుగెత్తుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలగాలి. మధ్యలో ఊపిరి కోసం వాక్యం తెగితే వేగం ఎక్కువైనట్టే. మొదట్లో నేను పక్కన ఎవరూ లేకపోయినా బయటికే మాట్లాడుకునేవాణ్ణి. కుక్కలు దూరం జరిగేవి, అదో లాభం.

లెక్కలమాస్టారు
లెక్క నేను చెబుతాను. అరగంటలో 5 అంటే కిలోమీటరుకు 6 నిమిషాలు. మీది కిలోమీటరుకు దాదాపు 7 నిమిషాల 42 సెకన్లు. ఆ నడకతోనే... క్షమించాలి, ఆ పరుగుతోనే సాగితే మీ 5 కిలోమీటర్లు ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలకు పూర్తవుతాయి. అసలు కార్యక్రమంలోనే సమయమైనా దూరమైనా ఏదో ఒకటి ఎంచుకోవచ్చని ఉంది, మొదటి టపాలో మీరే ‘లేదా’ అని రాశారు. మీరు సమయం ఎంచుకున్నారు, పూర్తి చేశారు. అబద్ధం ఎక్కడుంది?

గడియారం
ఈ ఒక్క విషయంలో పాతబూట్లు గారితో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసిపెట్టుకోండి. 10 కిలోమీటర్ల మాట ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తేదీ కావాలన్న మాట తీసుకోను. దగ్గర్లో పార్క్‌రన్ ఉంటే వెళ్ళండి. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో 13 మందితో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో వారం వారం జరుగుతోంది. 5 కిలోమీటర్లు, ఉచితం, పోటీ కాదు. నడిచేవాళ్ళూ ఉంటారు, అందరికంటే చివర ఒక వాలంటీరు నడుస్తారు కాబట్టి మీరు ఆఖరివారయ్యే అవకాశమే లేదు. తేదీ ఉంటుంది, మనుషులుంటారు, మెడ మీద కత్తి ఉండదు.

పాతబూట్లు
మంచి సలహా. మనుషుల సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. పద్నాలుగేళ్ళుగా ఏ లక్ష్యమూ లేదన్నాను, నిజమే. అయితే అయిదున్నరకు మలుపు దగ్గర ముగ్గురు నిలబడి ఉంటారు. రాకపోతే ఆ రోజంతా ఫోనులో ఆటపట్టిస్తారు. వర్షంలో లేచిన రోజులన్నీ వాళ్ళ నోటికి భయపడి లేచినవే.

గడియారం
అంటే పద్నాలుగేళ్ళుగా మీ చెవిలోనూ గొంతు ఉంది. ఒకటి కాదు, మూడు!

పాతబూట్లు
ఆ ముగ్గురికీ ఈ మాట చేరకుండా చూడండి.

తొలిఅడుగు
రెండు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. అల్మారా తలుపుకు చీటీ అంటించాను. బుధవారం 20, శుక్రవారం 20, ఆదివారం 30. ఆరు రోజులకు అయిదు వెళ్ళాను. మొదటి బుధవారం లేసుల ముళ్ళు ఎంతకీ విడివడలేదు. గోరుతో కాక పెన్ను మొనతో విప్పాల్సి వచ్చింది. దానికే పది నిమిషాలు పట్టింది, ఈలోగా రెండుసార్లు మానేద్దామనుకున్నాను. వెళ్ళాక మాత్రం చాలా నెమ్మదిగా, ఇంటి నంబర్లు పైకి చదువుకుంటూ పరుగెత్తాను. ఒక పెద్దాయన నడుస్తూ నన్ను దాటి వెళ్ళారు. నవ్వొచ్చింది, నవ్వడానికి ఊపిరి కూడా ఉంది.

దూరం చూడకూడదనుకున్నాను, నిన్న ఆదివారం చూసేశాను. 3.7. పోయినసారి కంటే తక్కువ.

రాత్రిడ్యూటీ
తప్పిన ఆ ఒక్క రోజు ఏది?

తొలిఅడుగు
రెండో శుక్రవారం. నిద్రపోయాను. కారణమేమీ లేదు, ఊరికే.

రాత్రిడ్యూటీ
సరే. బుధవారం 20.