సమస్య: దానమిచ్చినతఁడె ధనికుఁడయ్యె

లోహానికీ అలోహానికీ మధ్య ఏర్పడే బంధమే విషయంగా, ఆటవెలది నాలుగవ పాదంగా పై సమస్యను ఇస్తున్నాను. దానం చేస్తే ఉన్నది తరగాలి కదా, ఇచ్చినవాడే ధనికుడెలా అయ్యాడన్నదే ఇందులోని చిక్కు.

మొదటి పూరణ:

సోడియంబు బయట చుట్టు నెలక్ట్రాను
క్లోరినునకు నొసఁగి కూర్మితోడ
నష్టకమ్ము నిండ నావేశము ధనమై
దానమిచ్చినతఁడె ధనికుఁడయ్యె

విమర్శ: గణాలూ యతులూ నిర్దోషంగా ఉన్నాయి, ‘చుట్టు నెలక్ట్రాను’ అన్నచోట నుగాగమాన్ని (అచ్చుకు ముందు నకారం చేరడాన్ని) పాటించడం ముచ్చటగా ఉంది. అయితే ‘కూర్మితోడ’ అన్న మాటను శాస్త్రం ఒప్పదు. ఒక మోలు సోడియం పరమాణువుల నుండి ఒక్కొక్క ఎలక్ట్రానును విడదీయడానికి సుమారు 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. వాటిని క్లోరిన్ పరమాణువులు స్వీకరించినప్పుడు వెలువడేది సుమారు 349 మాత్రమే కనుక, వ్యవహారం అంతటితో ఆగితే లోటే మిగులుతుంది. ఆ లోటును తీర్చి బంధాన్ని నిలబెట్టేది, అయాన్లు (ఆవేశం పొందిన పరమాణువులు) స్ఫటికంగా కూడినప్పుడు విడుదలయ్యే సుమారు 787 కిలోజౌళ్ల జాలక శక్తి. పైగా సంధి వల్ల ‘నష్టకమ్ము’ అయి, అష్టకం (బయటి కక్ష్యలోని ఎనిమిది ఎలక్ట్రాన్ల కూర్పు) నిండిన చోట చెవికి నష్టం వినిపిస్తోంది. రెండవ పాదాన్ని ‘క్లోరినునకు నొసఁగి కొలువుఁ జేరి’ అని మారిస్తే తరువాతి పాదం ‘యష్టకమ్ము’ అని మొదలవుతుంది. ఒక్కొక్క అయాను చుట్టూ ఆరేసి విజాతి (వ్యతిరేక ఆవేశపు) అయాన్లు కొలువుదీరే స్ఫటికమూ స్ఫురిస్తుంది.

రెండవ పూరణ ‘మెగ్నిషియము రెండు మిగులనీక విడిచి’ అని మొదలైంది. రెండు ఎలక్ట్రాన్ల దానం మంచి ఊహే కానీ, గణం కోసం మెగ్నీషియాన్ని కుదించడం నాకు రుచించలేదు.

మూడవ పూరణ:

ఇచ్చినది ఋణమ్మె యెంచి చూడ నిజము
పదునొకండు ధనము పదియె ఋణము
మిగులఁ గేంద్రమందు మేలైన యొక్కటి
దానమిచ్చినతఁడె ధనికుఁడయ్యె

విమర్శ: చిక్కుముడి విప్పినది ఈ పద్యమే. ఎలక్ట్రాను ఆవేశం ఋణం కనుక సోడియం వదులుకున్నది సొమ్మును కాదు, అప్పును. 11 ప్రోటాన్లకు ఎదురుగా 10 ఎలక్ట్రాన్లే మిగలడంతో అది ధన అయాను అయింది. మూలకం పేరు చెప్పకుండా సంఖ్యతోనే సూచించడం ఎంతో బాగుంది. ‘మేలైన’ మాత్రం యతి కోసం వచ్చిన మాట. పుచ్చుకున్న క్లోరిన్ ఊసే లేకపోవడంతో బంధమూ కనబడడం లేదు. 17 ప్రోటాన్లకు 18 ఎలక్ట్రాన్లతో అది మోస్తున్న ఋణాన్ని మూడవ పాదంలోకి తెచ్చి మళ్లీ పంపవలసిందిగా కవిని కోరుతున్నాను.