అమ్మకు లోపల స్టెంటా, వీపులో ట్యూబా? డాక్టర్లకే మాట కలవట్లేదు

ఒంగోలు_పిల్ల:
అమ్మకు 58. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, వైద్యం ఇంకా మొదలవలేదు. గడ్డ మూత్రనాళాలను బయట నుంచి నొక్కేస్తోందట, రెండు కిడ్నీలూ వాచాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4.6కు పెరిగింది. ఒక యూరాలజిస్టు డీజే స్టెంట్ (కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా మూత్రనాళం లోపలే ఉండే సన్నటి గొట్టం) వేద్దాం, బయటికేం కనపడదు అన్నారు. ఇంకొకాయన స్టెంట్ నిలబడదు, వీపులోంచి కిడ్నీలోకి పీసీఎన్ ట్యూబే పెట్టాలి, మూత్రం బయట సంచీలోకి పోతుంది అంటున్నారు. మావయ్యేమో మా అక్క ఒంటికి ఇన్ని తూట్లెందుకు, ఇంటికి తెచ్చేద్దాం అంటాడు. రేపటికల్లా చెప్పాలి.

పెదకాకాని77:
స్టెంటే వేయించమ్మా. మా నాన్నకు ప్రొస్టేట్ క్యాన్సర్‌లో అదే వేశారు. మూడేసి నెలలకు మార్పించేవాళ్లం. మొదట్లో ఒంటికి పోసినప్పుడల్లా నడుం పక్కన పోటు, మూత్రం ఎర్రగా వచ్చేది. మూత్రనాళం బిగుతు సడలించే టామ్సులోసిన్ మాత్ర రాశాక కాస్త నయం. అయినా లుంగీ కట్టుకుని అరుగు మీద నలుగురిలో కూర్చునేవారు. సంచీ వేలాడుతుంటే మనిషి గది దాటి వస్తాడా?

నైట్‌డ్యూటీ_పీజీ:
యూరాలజీలో పనిచేస్తున్నాను. పెదకాకాని గారూ, మీ నాన్నగారికి పనిచేసింది, సంతోషం. కానీ బయట నుంచి గడ్డ బిగిస్తుంటే సన్నటి స్టెంట్ కూడా నలుగుతుంది. స్టెంట్ ఒకవైపు మూసుకుపోయినా రెండోవైపు నుంచి మూత్రం వస్తూనే ఉంటుంది, క్రియాటినిన్ పెరిగాక గానీ బయటపడదు. ట్యూబయితే సంచీ చూస్తే తెలిసిపోతుంది. పైగా గడ్డ బ్లాడర్ అడుగుకు పాకితే, స్టెంట్ వేయడానికి కింద నుంచి కెమెరా గొట్టంతో చూసే స్కోపీలో మూత్రనాళం నోరే దొరకదు.

పీసీఎన్‌కు పూర్తి మత్తు అక్కర్లేదు. బోర్లా పడుకోబెట్టి, ఆ చోటు మాత్రం మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పెడతారు. చాలాసార్లు రెండువైపులా కూడా అవసరం రాదు, బాగా ఉన్న కిడ్నీకి ఒకటి చాలు.

ఇంకో మాట. కిడ్నీ వాపు ఒక్కదానితోనే అయితే ఈ క్యాన్సర్ 3బీ స్టేజి అవుతుంది. అంతమాత్రాన 4 అని భయపడకండి. క్రియాటినిన్ దిగితే రేడియేషన్‌తో పాటు వారం వారం సిస్ప్లాటిన్ అనే కీమో మందు ఇవ్వొచ్చు. అది కిడ్నీలకు భారం, 4.6తో ఎవరూ ఇవ్వరు.

సుభద్రక్క:
చెప్పడం తేలికే బాబూ. మా అత్తయ్యకు ట్యూబు ఉండేది. నిద్రలో పక్కకు ఒత్తిగిల్లింది, సంచీ మంచం కోడుకు తట్టుకుని ట్యూబు జారిపోయింది. ఆలస్యమైతే దారి పూడుకుపోతుందన్నారు, తెల్లవారకుండానే ఆటోలో పరిగెత్తాం. ఆ తర్వాత నుంచి సంచీని లోపరికిణీకి పిన్నీసుతో గుచ్చేదాన్ని. సంచీ తాడుకే పిన్ను, ట్యూబుకు తగలకూడదు. ట్యూబు కాస్త వదులుగా ఉంచి ప్లాస్టర్ వేయాలి. ఇంట్లో డ్రెస్సింగ్ ఎవరు చేస్తారో ముందు తేల్చుకోండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డుంటే ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులను కలవండి.

తెల్లచీర_సిస్టర్:
నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ వార్డులో నర్సును. మావయ్యగారిని తోసిపుచ్చకండి. వైద్యాలన్నీ అయిపోయి గడ్డ మళ్లీ లేచిన మనిషైతే నేనూ ఆయన పక్షమే. కిడ్నీలు ఆగితే మత్తులోకి జారుకుంటారు. ట్యూబు పెట్టి నిలబెట్టాక నరాల్లోకి పాకిన నొప్పితో కేకలు పెట్టినవాళ్లను చూశాను.

నైట్‌డ్యూటీ_పీజీ:
సిస్టర్, ఆ జారుకోవడం అందరికీ అంత మెత్తగా ఉండదు. వాంతులు, ఎక్కిళ్లు, దురద, ఆయాసం మీకు తెలియనివి కాదు.

తెల్లచీర_సిస్టర్:
తెలుసు. వాటికి మందులున్నాయి, ఇస్తాం. అయినా నేనన్నది ఈ అమ్మగారి గురించి కాదు. ఈవిడకు అసలు వైద్యమే మొదలవలేదు, ఇంటికి తీసుకెళ్లడమేంటి? మావయ్యగారికి ఆ 3బీ మాట ఎవరైనా చెప్పారా? అమ్మకు చెప్పారా?

ఒంగోలు_పిల్ల:
లేదు సిస్టర్. అమ్మకు ‘కిడ్నీలో నీరు’ అని మాత్రమే తెలుసు. ఇప్పుడే రక్తంలో పొటాషియం 6.2 వచ్చింది, గుండెకు ప్రమాదమట, సాయంత్రానికే ఎడమవైపు ట్యూబు పెట్టేస్తామంటున్నారు. అమ్మతో నేనే మాట్లాడతాను, మావయ్యను కూడా కూర్చోబెట్టి.

నైట్‌డ్యూటీ_పీజీ:
పెట్టించండి. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ధారాళంగా పోవచ్చు, దానికి తగ్గట్టు సెలైన్ ఎక్కిస్తూ లవణాలు చూస్తుంటారు. చలిజ్వరం వస్తే మాత్రం అర్ధరాత్రైనా సరే, డ్యూటీ డాక్టర్‌ను లేపండి.

పెదకాకాని77:
సరే, ముందు ప్రాణం. కానీ రేడియేషన్‌తో గడ్డ తగ్గాక ఆ ట్యూబు దారిలోనే పైనుంచి స్టెంట్ దించుతారా అని ఇప్పుడే అడిగి డిశ్చార్జి కాగితంలో రాయించుకో తల్లీ. ఎవరూ అడక్కపోతే సంచీతోనే వదిలేస్తారు. స్టెంట్ వేశాక మళ్లీ మార్చే తేదీ కూడా రాయించు. మర్చిపోతే దాని చుట్టూ రాళ్లు కడతాయి.