చర్చ: హోమ్ థియేటర్ మోత పక్క గదికి పోకుండా గోడను బాగుచేయాలా, వూఫర్‌ను తగ్గించాలా?

నిజాంపేట నివాసి:

హాల్లో మేము టీవీ బిగించిన గోడకు అవతలి వైపు మా అమ్మాయి గది ఉంది. అదే గోడకు ఒక చివర ఆమె గది తలుపు కూడా ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. గత దీపావళికి 5.1 హోమ్ థియేటర్ (ఐదు స్పీకర్లు, దడ పుట్టించే ఒక వూఫర్) కొన్న నాటి నుంచి ఇంట్లో తగాదా తప్పడం లేదు. తలుపు వేసుకున్నా డైలాగులు సగం సగం వినబడుతున్నాయనీ, అంతకన్నా వూఫర్ దడకు బీరువా మీది స్టీలు డబ్బా మూత గలగలలాడుతూ చదవనివ్వడం లేదనీ ఆమె ఫిర్యాదు. హాలు గోడ నిండా రెండంగుళాల ఫోమ్ ప్యానెళ్లు అతికిస్తే చప్పుడు ఆగిపోతుందని ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరు అరవై వేల అంచనా ఇచ్చాడు. అదంతా దండగనీ, వూఫర్ తగ్గించుకుంటే సరిపోతుందనీ మా బావమరిది అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట సబబో పెద్దలు చెప్పగలరు.

విశ్రాంత ఇంజనీరు:

కాంట్రాక్టరు మాట మాత్రం సబబు కాదు. ఫోమ్ పని గదిలోని ప్రతిధ్వనిని పీల్చుకోవడమే తప్ప ధ్వనిని గోడ దాటకుండా ఆపడం కాదు. వూఫర్ నుంచి వచ్చే 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 28 అడుగులు. దాన్ని బాగా పీల్చుకోవాలంటే ఫోమ్ మందం అందులో నాలుగో వంతు, అంటే ఏడడుగుల దాకా ఉండాలి. రెండంగుళాల ఫోమ్ దానికి దోమతెర లాంటిది.

ధ్వనిని ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే సూత్రప్రకారం సుమారు 6 డెసిబెళ్లు అదనంగా ఆగుతుంది. ధ్వని పౌనఃపున్యం రెట్టింపైనా అంతే. దీన్ని తిరగేసి చూస్తే మీ ఇంటి కథ అర్థమవుతుంది: మాటలను బాగానే ఆపే గోడ, వాటికన్నా నాలుగైదు అష్టకాలు (ఒక్కో అష్టకం దిగితే పౌనఃపున్యం సగమవుతుంది) కిందనున్న దడను ఆపలేకపోతోంది. అసలే మన ఫ్లాట్లలో గదుల మధ్య గోడలు నాలుగంగుళాలవే.

అయితే మీ ఇంట్లో డైలాగులు గోడలోంచి కాక తలుపు కిందినుంచి వెళుతున్నాయని నా అనుమానం. పాత ఇళ్లలో ప్రతి గదికీ గడప ఉండేది, తలుపు దానికి ఆనుకుని మూసుకునేది. ఇప్పటి ఫ్లాట్లలో వీధి తలుపుకు తప్ప గడప లేదు. మూడడుగుల వెడల్పు తలుపు కింద అరంగుళం సందు ఉందనుకోండి, 120 చదరపు అడుగుల గోడలో అది దాదాపు వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతు తెరిచి ఉన్నంతకాలం మిగతా గోడను కోటగోడలా కట్టినా మొత్తం మీద 30 డెసిబెళ్లకు మించి ఆగదు. ఒక అగరువత్తి వెలిగించి, ఫ్యాను వేసిన గదికి తలుపు మూసి, అంచుల వెంట తిప్పి చూడండి. పొగ ఎక్కడ పక్కకు లాగుతుందో ధ్వనికీ అదే దారి.

సినిమా పిచ్చి:

ఇంజనీరు గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, వూఫర్ తగ్గించమనే బావమరిది గారి సలహా నాకు మింగుడు పడదు. మన చెవి తక్కువ ధ్వనిస్థాయిలో మంద్ర స్వరాలను సరిగా పట్టుకోదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. వాల్యూమ్ తగ్గించగానే మాటలకన్నా ముందు మాయమయ్యేది ఆ దడే. అది లేకుండా చూడాలనుకుంటే సెట్టు కొనడమే అనవసరం కదా? నా ఉద్దేశంలో ఆ గోడకు ముందు ఫ్రేము బిగించి, లోపల రాక్‌వూల్ (రాతినార దూది) నింపి, పైన జిప్సం బోర్డు వేయించడమే శాశ్వత పరిష్కారం.

విశ్రాంత ఇంజనీరు:

అక్కడే చాలామంది చేతులు కాల్చుకుంటారు. గోడకూ బోర్డుకూ మధ్య చిక్కిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. చదరపు మీటరుకు తొమ్మిది కిలోలుండే ఒక పొర బోర్డును గోడకు రెండంగుళాల దూరంలో బిగిస్తే, ఆ జోడీ దాదాపు 90 హెర్ట్జ్ దగ్గర ఊగడం మొదలుపెడుతుంది. అది వూఫర్ పనిచేసే మేరలోనే ఉంది కాబట్టి, ఆ స్వరం దగ్గర మోత తగ్గకపోగా పెరుగుతుంది. రెండు పొరలు వేసి, నాలుగంగుళాలు వదిలితే ఆ ఊగు 45 హెర్ట్జ్ వరకు దిగుతుంది. అప్పుడు కొంత లాభం ఉంటుంది గానీ హాలు ఐదారంగుళాలు తగ్గుతుంది, స్లాబూ పక్కగోడలూ ఎలాగూ దడను మోసుకుపోతూనే ఉంటాయి. పూర్తిగా ఆపాలంటే గదిలో గది కట్టాలి. అది అరవై వేలతో తేలే పని కాదు.

కింది అంతస్తు:

ఇంతవరకూ మాట్లాడినవారంతా సొంత ఇంట్లోని గదుల గురించే ఆలోచించారు. మా పై ఫ్లాటులో వూఫర్‌ను నేల మీద పెట్టుకుని రాత్రి పదకొండింటికి సినిమాలు చూస్తారు. మంచం పట్టె మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. వారిని అడిగితే మీటరు తెచ్చి కొలుచుకోమన్నారు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు. ప్రైవేటు సౌండ్ సిస్టమ్ వల్ల ఆ స్థలం సరిహద్దు దగ్గర వచ్చే మోత దీనికన్నా 5 డెసిబెళ్లకు మించి పెరగకూడదు. చిక్కేమిటంటే ఈ కొలత చెవికి తగ్గట్టు సవరించిన డెసిబెళ్లలో ఉంటుంది. ఆ సవరణలో 40 హెర్ట్జ్ ధ్వనికి దాదాపు 35 డెసిబెళ్లు తీసేస్తారు. అందువల్ల మీటరు నిశ్శబ్దమని చెబుతుండగానే నా మంచం అదురుతుంటుంది. నియమం పాటించానని చెప్పి తప్పుకోవచ్చునేమో గానీ, గోడా స్లాబూ ఆపలేనిదాన్ని పుట్టినచోటే తగ్గించడం తప్ప నాకు వేరే దారి కనబడటం లేదు.

సినిమా పిచ్చి:

మీ బాధ న్యాయమైనదే. తగ్గించడానికీ తీసేయడానికీ మధ్య ఒక మార్గం ఉంది, అది ముందే చెప్పవలసింది. వూఫర్‌ను మూలన పెడితే రెండు గోడలూ నేలా కలిసి దడను పెంచుతాయి. దాన్ని మూల నుంచి తీసి సోఫా వెనుక, కూర్చునేవారికి రెండు మూడడుగుల దూరంలో పెడితే, మనకు అదే అనుభూతి చాలా తక్కువ శక్తితో అందుతుంది; ఇంటికంతటికీ అంత మోత అక్కరలేదు. సినిమాల ధ్వనిని థియేటర్ కోసం కలుపుతారు కాబట్టి మాటలు లోగొంతుకలోనూ పేలుళ్లు ఉరుములాగానూ ఉంటాయి. మాట కోసం వాల్యూమ్ పెంచితే పేలుడుకు ఇల్లదురుతుంది. మాటలు వచ్చే మధ్య స్పీకరును మూడు డెసిబెళ్లు పెంచి, నైట్ మోడ్ పెట్టుకుంటే ఆ తేడా తగ్గుతుంది. వూఫర్ కింద రబ్బరు ప్యాడ్ కూడా వేయండి.

విశ్రాంత ఇంజనీరు:

ప్యాడ్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పెట్టె నేరుగా నేలకు ఇచ్చే అదురును అది తగ్గించగలదు గానీ, గాలిలో వెళ్లి గోడను కుదిపే ధ్వనికి దానితో సంబంధం లేదు. కింది ఇంటివారికి మేలు జరగవచ్చు కనుక వేయడంలో తప్పు లేదు.

నిజాంపేట నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. అగరువత్తి పరీక్షలో తలుపు కిందే కాక, గోడకు అటూ ఇటూ వీపులు ఆనించి పెట్టిన రెండు స్విచ్ బోర్డుల దగ్గర కూడా పొగ లాగింది; ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తలుపు చట్రానికి రబ్బరు బీడింగు, కిందికి సీలు, బోర్డుల వెనుక పుట్టీ వేయించాను. అంతా కలిపి మూడు వేలు దాటలేదు. డైలాగులు దాదాపుగా వినబడటం లేదని అమ్మాయి ఒప్పుకుంది గానీ, ఇంజనీరు గారు చెప్పినట్టే దడలో పిసరంత మార్పు కూడా లేదు. ఆదివారం వూఫర్‌ను సోఫా వెనక్కు జరిపి, రిసీవరులో ఎనిమిది డెసిబెళ్లు తగ్గించాను. సినిమా పిచ్చి గారు ఒప్పుకుంటారో లేదో గానీ, నాకు పెద్ద తేడా తెలియలేదు. కాంట్రాక్టరు ఇంకా ఫోను చేస్తున్నాడు. స్టీలు డబ్బా మాత్రం యుద్ధం సన్నివేశాల్లో ఇప్పటికీ మోగుతోందట; దాన్ని వంటగదిలోకి మార్చాం.