ఒకే హైదరాబాద్, గ్రూప్ బైలో మూడు వరుసలు

ప్రశ్న:
మా హైస్కూలు పూర్వ విద్యార్థుల వివరాలు పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్‌లో పెట్టాను. ఏ ఊళ్లో ఎంతమంది ఉన్నారో చూద్దామని గ్రూప్ బై (ఒకే విలువ ఉన్నవాటిని కలిపి లెక్కించేది) వేస్తే హైదరాబాద్ మూడుసార్లు వస్తోంది. కంటికి మూడూ ఒకటే. ట్రిమ్ (అంచుల్లోని ఖాళీలు తీసేది) వేసినా మార్పు లేదు. ఆర్డర్ బైలో (వరుసక్రమంలో పెడితే) రెండు పక్కపక్కనే ఉన్నాయి, మూడోది మాత్రం హేమవతి కంటే ముందుకెళ్లి కూర్చుంది. కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) 'సి'. ఆదివారం సమ్మేళనానికి జాబితా ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
మూడింటికీ లెంగ్త్ (ఎన్ని గుర్తులున్నాయో) ఎంతో, హెక్స్‌లో (లోపలి కోడ్ అంకెల్లో) ఎలా ఉన్నాయో చూడండి. లెంగ్త్ 9 రావాలి: హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు.

ప్రశ్న అడిగినవారు:
9, 10, 10 వచ్చాయండీ. ఒకదాని చివర ఈ2 80 8సి ఉంది. ముందుకెళ్లినదాని చివర ఏమీ లేదు. అది పాత మ్యాక్‌లోని ఫోటోల ఫైలు పేర్ల నుంచి తీసింది.

జవాబు:
అయితే రెండు వేర్వేరు సమస్యలు. చివర ఉన్నది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తు. ‘హైదరాబాద్‌లో’ అన్నచోట ద కింద లావత్తు పడకుండా ఆపేది అదే. ఎవరో ఆ మాట కాపీ చేసి ‘లో’ చెరిపేసి ఉంటారు, ఇది మిగిలిపోయింది. ట్రిమ్ మామూలుగా స్పేస్‌నే తీస్తుంది, ఏ అక్షరం తీయాలో మీరే చెప్పాలి.

ఇక పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాస్తుంది. ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా. 'సి' కొలేషన్ కోడ్ అంకెలే చూస్తుంది కాబట్టి అది ‘హె’ వరుసలో చేరి ‘హే’ కంటే ముందొచ్చింది. నార్మలైజ్ ఫంక్షన్ (పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉంది) ఎన్‌ఎఫ్‌సీతో (విడిపోయిన గుర్తులను కలిపే యూనికోడ్ రూపం) వాడితే మళ్లీ ఒకటవుతుంది. కానీ చివరి గుర్తును అది ముట్టుకోదు.

దయచేసి ఆ గుర్తును రీప్లేస్‌తో అన్నిచోట్లా తీసేయకండి. మహబూబ్‌నగర్ కాస్తా మహబూబ్నగర్ అయిపోతుంది. మన ఊళ్ల పేర్లు అలా పాడైతే నాకు నిజంగా బాధేస్తుంది. అసలు కాలమ్‌లో చివర ఉన్నదే తీయండి. గ్రూప్ బై కోసం వేరే జనరేటెడ్ కాలమ్ (అసలు కాలమ్ నుంచి తనంతట తానే లెక్కగట్టుకునేది) పెట్టుకుని, కావాలంటే అందులో మొత్తం తీయండి.

మరొకరి జవాబు:
ఐసీయూ (యూనికోడ్ లైబ్రరీ)తో నాన్‌డిటర్మినిస్టిక్ కొలేషన్ (కోడ్ అంకెలు వేరైనా ఒకే మాటగా చూడగలిగేది) పెట్టినా మూడూ ఒకటవుతాయి. కాకపోతే 15లో ఆ కాలమ్ మీద లైక్ (ముక్కతో వెతికేది) పనిచేయదు, 18లోనే వచ్చింది. పేరులో ముక్కతో వెతికే పని ఉంటే పైన చెప్పిన దారే నయం.